మానుకు మొలిచిన చెవులు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే బస్సు మన్ననూరు చెక్‌పోస్టు దాటగానే లోపలున్నవాళ్ల కళ్లన్నీ కిటికీల వైపు తిరుగుతాయి. పులి కనిపిస్తుందేమోనని పిల్లల ఆశ. కోతులకి అరటిపళ్లు విసరొద్దని పెద్దల కేకలు. చూసినంతమేరా నల్లమద్ది, టేకు, ఏగిస, తునికి మాన్లు. ఆ హడావుడిలో ఎవరి కంటా పడనిది ఒకటుంటుంది. రోడ్డుకి పదడుగుల దూరంలో, ముసలి మాను మొదట్లో, గోడకి అర బిగించినట్టు ముందుకు పొడుచుకొచ్చిన ఓ గోధుమరంగు పలక. దాని మీద నాలుగు ఎండుటాకులూ, కాస్త దుమ్మూ. దానికి జానెడు ఎత్తులో అలాంటిదే ఇంకోటి.

చెట్టుకి చెవులు మొలిచాయని నవ్వుకుని వెళ్లిపోవచ్చు. నిలబడి చూడటం వచ్చినవాళ్లకి మాత్రం ఆ చెవి చాలా చెబుతుంది. ఆ మాను లోపల గట్టిగా ఉందా, డొల్లయిందా? గాయం ఎటువైపు తగిలింది? రేపటి గాలివానకి నిలుస్తుందా? ఆకురాల్చే అడవిలో చెట్ల ఆరోగ్యాన్ని చదవాలంటే ముందుగా చూడాల్సినవి ఈ పలకలే. వీటిని ఆంగ్లంలో ‘బ్రాకెట్ ఫంగస్’ అంటారు. మనం అర పుట్టగొడుగులు అనుకుందాం.

పుట్టా లేదు... గొడుగూ లేదు!

పుట్టగొడుగు అన్న మాటలోనే దాని చిరునామా ఉంది. తొలకరి తర్వాత చెదపుట్టల మీద గొడుగు విప్పినట్టు మొలిచేది కాబట్టి ఆ పేరు. అర పుట్టగొడుగుకి పుట్ట అక్కర్లేదు. కాడ కూడా దాదాపు ఉండదు. నేరుగా కొయ్యలోంచే బయటికొస్తుంది. మామూలు పుట్టగొడుగు రెండు రోజుల్లో వాడి నీరైపోతే ఇది నెలల తరబడి, కొన్ని రకాలైతే ఏళ్ల తరబడి మానుకి అంటుకునే ఉంటుంది. గోటితో గిచ్చితే గిచ్చుడు పడదు. కొన్నింటిని విరవాలంటే గొడ్డలి కావాలి.

నిజానికి మనకి కనిపించేది కాయ మాత్రమే. అసలు శిలీంధ్రం కొయ్యలోపల సన్నటి దారాల్లా అల్లుకుని ఉంటుంది. చెట్టు మీది మామిడికాయ కోసేస్తే మామిడిచెట్టు పోనట్టే, పలకని పీకేసినంత మాత్రాన లోపలి శిలీంధ్రం పోదు. పెరట్లో చెట్టుకి ఇవి మొలిచినప్పుడు చాలామంది చేసే పని అదే. పీకేసి, ఆ చోట సున్నం పూసి ఊరుకుంటారు.

పలకని తిరగేసి చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. అడుగున సూదితో పొడిచినట్టు వేల రంధ్రాలు. ఒక్కో రంధ్రం ఓ సన్నటి గొట్టం. ఆ గొట్టాల గోడలకి పుట్టే బీజాలు కిందికి జారి గాలిలో కలవాలి. గొట్టం కాస్త వంగినా బీజం గోడకి తగిలి అక్కడే ఇరుక్కుపోతుంది. అందుకే ఈ పలకలు మట్టం పెట్టి కొలిచినట్టు నేలకి సమాంతరంగా పెరుగుతాయి. చెట్టు కూలి అడ్డంగా పడితే? పాత పలకలు నిలువునా తిరిగిపోతాయి. ఆ తర్వాత పుట్టేవి మళ్లీ నేలకి సమాంతరంగానే వస్తాయి. కాబట్టి కూలిన మాను మీది పలకలు ఏ దిక్కుకున్నాయో చూస్తే చాలు... శిలీంధ్రం చెట్టు నిలబడి ఉండగా పట్టిందో, పడిపోయాక వచ్చిందో చెప్పేయొచ్చు. పిల్లలకి అడవిలో చూపించడానికి ఇంతకన్నా మంచి పొడుపుకథ దొరకదు.

ముందు మాను... తర్వాతే పలక

నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చేసరికి మాన్లన్నీ మోడులై నిలబడతాయి. వానలకి పుట్టిన పలకలు అప్పుడు దూరం నుంచే కనిపిస్తాయి. రంగులు మాత్రం వెలిసిపోయి ఉంటాయి. తాజాగా చూడాలంటే వానలు వెనకబట్టే అక్టోబరు, నవంబరు నెలలు మేలు.

గుర్తుపట్టేవాళ్లు ముందు అడిగే ప్రశ్న పలక గురించి కాదు, మాను గురించి. అదేం చెట్టు? బతికుందా, ఎండిందా, కూలిందా? పలక మొదట్లో ఉందా, కొమ్మల దగ్గరుందా? చాలా శిలీంధ్రాలు ఏ చెట్టుని పడితే ఆ చెట్టుని పట్టవు. బతికున్న మాను చేవని తినేవి వేరు, ఎండిన కట్టె మీద పెరిగేవి వేరు. అందుకని ముందు చెట్లని పోల్చుకోవడం రావాలి. మొసలి వీపులా పగుళ్లు తేలిన బెరడు ఉంటే నల్లమద్ది. గాటు పడిన చోట నెత్తురులాంటి ఎర్రటి బంక కారితే ఏగిస. కాగితంలా పొరలు లేచే తెల్లటి మాను తపసి. ఇవి తెలిస్తే సగం పని అయినట్టే.

మిగతా సగం పలక అడుగునే ఉంటుంది. చూసినవాళ్లంతా పైభాగాన్ని ఫొటో తీసుకుని ఇంటికెళ్లి ‘ఇదేంటి?’ అని అడుగుతారు. పైన చూసి చెప్పగలిగేవి చాలా తక్కువ. రంధ్రాలున్నాయా, రెక్కలున్నాయా, నున్నగా ఉందా అన్నది తేల్చుకోవాలంటే సెల్‌ఫోన్‌ని కింద పెట్టి పైకి తీయాల్సిందే. పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం జేబులో ఉంటే ఇంకా మంచిది.

తేలిగ్గా దొరికిపోయేది ఎర్రపలక. కూలిన కట్టె మీద, ఎండ తగిలే చోట, కుంకుమబొట్టు పెట్టినట్టు నారింజ కలిసిన ఎరుపులో మెరుస్తుంటుంది. పైనా అడుగునా ఒకటే రంగు. పేరు పిక్నోపోరస్ సాంగ్వినియస్. ఉష్ణదేశాలన్నిటా కనిపిస్తుంది. అడవి దాకా వెళ్లక్కర్లేదు, ఊళ్లో కంచెకి పాతిన పాత గుంజ మీదైనా దొరకొచ్చు. సిన్నబారిన్ అనే పదార్థం దానికా రంగునిస్తుంది. ఎండకీ వానకీ నాని ముసలిదైతే పైన వెలిసిపోతుంది. అప్పుడు తిరగేసి చూడాలి, అడుగున ఇంకా ఎరుపు మిగిలే ఉంటుంది.

ఎండు కొమ్మలకి అంటుకుని, అట్టముక్కంత పల్చగా, అడుగున అచ్చం తేనెపట్టులా ఆరుపలకల గదులు కనిపిస్తే అది హెక్సగోనియా. దీనికి భూతద్దం కూడా అక్కర్లేదు. గదులు మామూలు కంటికే కనిపిస్తాయి. అదే ట్రామెటిస్ జాతి పలకలైతే పైన రంగురంగుల వలయాలు, అడుగున సన్నటి రంధ్రాలు. ఇక్కడో మోసం ఉంది. స్టీరియమ్ అనే మరో జాతి పైనుంచి చూస్తే అలాగే ఉంటుంది. తిరగేస్తే రంధ్రాలేవీ ఉండవు, నున్నటి తోలు. పైభాగాన్ని మాత్రమే ఫొటో తీసినవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

చిటికెన వేలి గోరంత ఉండి, పైన తెల్లటి నూగుతో, చిన్న చిన్న విసనకర్రల్లా కట్టె పొడవునా బారులు తీరేది స్కిజోఫిల్లమ్ కమ్యూన్. దీని అడుగున రంధ్రాలుండవు. ఒక్కో రెక్కా నిలువునా రెండుగా చీలినట్టుంటుంది. ఎండకాస్తే ఆ చీలికలు లోపలికి ముడుచుకుని బీజాలు పుట్టే భాగాన్ని దాచేస్తాయి. చినుకు పడగానే విచ్చుకుంటాయి. ఎండిపోయిన ముక్కని గ్లాసు నీళ్లలో వేస్తే కాసేపట్లో ప్రాణం లేచొచ్చినట్టు తెరుచుకోవడం చూడొచ్చు. ఒక్క అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉందీ గడుగ్గాయి. మన జీవుల్లో ఆడ, మగ రెండే అయితే దీన్లో జత కట్టే రకాలు 20 వేలకు పైనే! మణిపుర్‌లో దీన్ని కాంగ్లాయెన్ అంటారు, ఇష్టంగా వండుకు తింటారు. అది తరతరాలుగా చూసి ఎరిగినవాళ్ల వంట. పుస్తకంలో బొమ్మ చూసి మనం చేసే ప్రయోగం కాదు.

నిజంగానే చెవిలా ఉండేది ఇంకోటుంది. పట్టుకుంటే రబ్బరులా సాగుతూ, నిజం చెవి తమ్మెని తాకినట్టే ఉంటుంది. ఆరిక్యులేరియా అంటే లాటిన్‌లో చెవికి సంబంధించినదనే అర్థం. చైనీస్ హోటళ్ల సూపుల్లో ‘బ్లాక్ ఫంగస్’ పేరుతో తేలేవి దీని జాతివే. 2021లో కొవిడ్ తర్వాత జనాన్ని భయపెట్టిన బ్లాక్ ఫంగస్ జబ్బుకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

చేవ తినేవాళ్లు

ఇప్పటిదాకా చెప్పినవి ఎక్కువగా ఎండు కట్టెల మీద బతికేవి. అడవి నేలని శుభ్రం చేసే పాకీవాళ్లు. అసలు కథ నిలబడి ఉన్న మానుని పట్టే పెద్ద పలకలది.

గుర్రపు డెక్క ఆకారంలో, మట్టిరంగులో, పైన పగుళ్లతో రాయిలా ఉంటే అది ఫెలైనస్ వర్గానిది కావచ్చు. ఏటా వానలకి అడుగున కొత్త పొర వేసుకుంటూ ఏళ్ల తరబడి పెరుగుతుంది. విరిస్తే లోపల కూడా ముదురు గోధుమరంగే. ప్రయోగశాలల్లో దాని ముక్క మీద ఒక్క చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేస్తారు. వెంటనే నల్లబడితే ఆ కుటుంబమని తేలుతుంది. తాంబూలంలోకి కాచునిచ్చే చండ్ర చెట్టుని పట్టేది ఈ జాతిలోదే, ఫెలైనస్ బాడియస్. కాచు వచ్చేది చేవలోంచి. ఆ శిలీంధ్రం తినేదీ చేవనే. బయటికి నిక్షేపంలా కనిపించే మానుని నరికితే లోపల పీచు తప్ప ఏమీ మిగలదు. అలాంటి నష్టాలే మన దేశంలో ఈ పలకల మీద చదువుకి దారితీశాయి. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన బి.కె.బక్షి 1971లో వెలువరించిన ‘ఇండియన్ పాలీపొరేసీ’ని ఈ రంగంలోని వాళ్లు ఇప్పటికీ తిరగేస్తుంటారు. అందులో కొన్ని పేర్లు తర్వాత మారిపోయాయి, అది వేరే సంగతి.

మొదట్లో, వేళ్లకి దగ్గరగా ఉండేవి చాలావరకూ గానోడెర్మాలు. వీటిలో రెండు తరహాలు. వార్నీషు పూసినట్టు ఎర్రగా నిగనిగలాడేవి కొన్ని. మెరుపు లేకుండా ఎండిన పేడరంగులో ఉండేవి మరికొన్ని. రెండో తరహాలోని గానోడెర్మా అప్లనేటమ్‌కీ దాని దగ్గరి చుట్టాలకీ అడుగుభాగం తెల్లగా ఉంటుంది. పుల్లతో గీస్తే ఆ గీత గోధుమరంగుకి తిరిగి అలాగే ఉండిపోతుంది. విదేశాల్లో వీటి మీద బొమ్మలు గీసి అలమరాల్లో పెట్టుకుంటారు. ఇంకో గుర్తు... పలక మీదా, చుట్టుపక్కల ఆకుల మీదా కోకో పొడి చల్లినట్టు గోధుమరంగు దుమ్ము. అది దుమ్ము కాదు, బీజాలు. అప్లనేటమ్ పెద్ద పలక ఒకటి రోజుకి 3 వేల కోట్ల దాకా బీజాలు వదులుతుందని అంచనా. వాటిలో ఒక్కటి సరైన చోట పడినా దాని వంశం నిలిచినట్టే.

ఆ సరైన చోటు ఏది? గాయం. పచ్చి బెరడుని దాటుకుని లోపలికి వెళ్లడం వీటిలో చాలావాటికి చేతకాదు. కొమ్మ విరిగిన చోటు, ఎండాకాలపు కార్చిచ్చుకి మొదలు కాలిన చోటు, బంక కోసం లోతుగా గాటు పెట్టిన తపసి మాను... ఇవీ వాటి గుమ్మాలు. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు నల్లమద్ది బెరడుకి గాటు పెట్టగానే నీళ్లు ధారగా చిమ్మిన వీడియోని తెలుగువాళ్లంతా ఆశ్చర్యంగా చూశారు. నల్లమద్ది తన మానులో నీళ్లు దాచుకోవడం నిజమే. అది చూసి దారినపోయేవాళ్లు కూడా మద్దిచెట్లకి కత్తులు పెట్టడం మొదలెడితే మాత్రం లాభపడేది శిలీంధ్రాలే.

డొల్ల మాను ఎవరిది?

చేవ పోయిన చెట్టు చచ్చినట్టే అనుకుంటాం. అలా కాదు. చేవ అంటే నిజానికి చెట్టులో ఎప్పుడో ప్రాణం పోయిన భాగం. నీళ్లని పైకి మోసేది దాని చుట్టూ, బెరడుకి దగ్గరగా ఉండే లేత కొయ్య. అందువల్ల లోపలంతా గుల్లయిన మాను కూడా ఏటా చిగురు వేసి, పూసి, కాసి ఏళ్ల తరబడి బతుకుతుంది. గొట్టం గోడ మందంగా ఉన్నంతకాలం గాలికీ తట్టుకుంటుంది.

కొయ్యని తినడంలో కూడా రెండు పద్ధతులున్నాయి. గానోడెర్మా, ఫెలైనస్‌ల్లాంటివి కొయ్యకి గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ని కూడా కరిగించేస్తాయి. మిగిలేది తెల్లటి పీచు. దాన్ని తెల్లకుళ్లు అంటారు. మరికొన్ని లిగ్నిన్ జోలికి పోకుండా సెల్యులోజ్‌నే తినేస్తాయి. అప్పుడు కొయ్య ఇటుక ముక్కల్లా గోధుమరంగులో చిట్లి, చేత్తో నలిపితే పొడవుతుంది. అది గోధుమకుళ్లు.

అలా ఏర్పడిన తొర్రల మీద ఆధారపడే కుటుంబాలు నల్లమలలో ఎన్నో. చిలకలు, పైడికంటెలు, గోరువంకలు సొంతంగా తొర్ర తొలుచుకోలేవు. వడ్రంగిపిట్ట తొలుస్తుంది, దానికీ శిలీంధ్రం మెత్తబరిచిన చోటైతే పని సులువు. బూడిదరంగు కొమ్ముపిట్ట సంగతైతే మరీనూ. ఆడపిట్ట తొర్రలోకి వెళ్లి వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందులోంచి మగపిట్ట వారాల తరబడి తిండి అందిస్తుంది. అంత పెద్ద తొర్ర పదేళ్ల చెట్టులో దొరకదు. చిన్న తేనెటీగలు పట్టు పెట్టేదీ తొర్రల్లోనే. ఆ తేనె జాడ కనిపెట్టడంలో చెంచులని మించినవాళ్లు లేరు.

‘ఎండిపోయింది కదా, పనికిరాదు’ అని తోటల్లో, రోడ్ల పక్కన, ఒక్కోసారి అడవుల అంచుల్లో ముసలి మానుని ఏరేస్తుంటారు. దాంతోపాటే పోయేవి ఈ కాపురాలన్నీ. కొత్తగా నాటిన వెయ్యి మొక్కల్లో ఒక్క తొర్ర కూడా ఉండదు. ఈ లెక్క హరితవనాల ప్రకటనల్లో కనిపించదు.

ఊళ్లో అయితే లెక్క మారుతుంది

అడవిలో డొల్ల మాను కూలితే నేలకి ఎరువు. బస్టాపు పక్కన కూలితే మనిషి ప్రాణం. అందుకే ఊళ్లో చెట్టు మొదట్లో గానోడెర్మా కనిపిస్తే ఊరుకోకూడదు. అది వేళ్లనీ మొదలునీ తినే రకం. పైన కొమ్మలు పచ్చగా ఉన్నా కింద పట్టు వదిలేసి ఉండొచ్చు. ఉద్యానశాఖ వాళ్లకో, మున్సిపాలిటీకో చెప్పి చూపించుకోవడం మంచిది. సన్నకొమ్మల మీద నాలుగు ఎర్రపలకలు కనిపించాయని చెట్టంతా నరికించడం మాత్రం తొందరపాటు. ఏది ఏదో తెలుసుకోవడం వల్ల తేడా ఇక్కడే వస్తుంది.

కొబ్బరి రైతులకి గానోడెర్మా పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. 1952లో తంజావూరు ప్రాంతంలో గుర్తించిన తెగులిది. కోస్తా తోటల్లోనూ ఏళ్లుగా ఏడిపిస్తోంది. మాను మొదట్లోంచి ఎర్రటి బంక కారడం తొలి లక్షణం. పలక మొలిచేసరికి ఆలస్యమైపోతుంది. వేపపిండి, ట్రైకోడెర్మా వేయడం, జబ్బు చెట్టు చుట్టూ కందకం తవ్వి పక్క చెట్లని కాపాడుకోవడం రైతులు చేస్తున్న పనులు.

అన్నట్టు, చెట్టు డొల్లయిన ప్రతిసారీ నేరం శిలీంధ్రానిదే అనుకోవద్దు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించింది చెదల మీద యుద్ధానికి.

ఇక గానోడెర్మా పొడులు, కాఫీల సంగతి. సర్వరోగనివారిణి అంటూ ఇంటింటికీ తిరిగి అమ్మేవాళ్లున్నారు. అడవిలో మెరిసే పలక కనిపించగానే ‘ఇదే కదా అది’ అని కోసుకొచ్చి కషాయం కాచుకునేవాళ్లూ ఉన్నారు. గానోడెర్మా లూసిడమ్ అన్న పేరు అసలు 1781లో లండన్ శివారు పెకామ్‌లో దొరికిన పలకకి పెట్టింది. తర్వాత లోకంలో మెరిసే ప్రతి పలకకీ ఆ పేరే తగిలించేశారు. చైనాలో మందుగా పెంచేది వేరే జాతి అని తేల్చి 2012లో దానికి గానోడెర్మా లింగ్‌ఝి అని పేరు పెట్టారు. శాస్త్రవేత్తలే డీఎన్ఏ పరీక్షలతో కుస్తీ పడుతున్న చోట, కంటితో చూసి కోసుకొచ్చి తాగడం ప్రమాదం. షుగరుకో, రక్తం పల్చబడటానికో మందులు వాడుతున్నవాళ్లయితే డాక్టర్ని అడగకుండా ఏ పొడీ ముట్టుకోకూడదు.

వెళ్లాలంటే...

హైదరాబాద్ నుంచి కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడ అటవీశాఖ వసతి గదులున్నాయి. ఫర్హాబాద్ సఫారీ ఆ దారిలోనే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. సఫారీలో జీపు దిగనివ్వరు కాబట్టి పలకలని దగ్గరగా చూడాలనుకునేవాళ్లకి ఉమామహేశ్వరం కొండ దారి, వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం మెట్లదారి నయం. లోయలో తేమ ఎక్కువ, కూలిన కట్టెలూ ఎక్కువే. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. శిలీంధ్రాలకి అదే పండగ కాలం. అయినా చింత లేదు, కొయ్యలాంటి పలకలు దసరా సెలవుల దాకా ఎక్కడికీ పోవు.

ఒక్కటి కూడా కోసి సంచీలో వేసుకోవద్దు. అభయారణ్యంలోంచి ఏది పట్టుకెళ్లినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మూడు ఫొటోలు చాలు. ఒకటి పలక పైభాగం, ఒకటి అడుగుభాగం, ఇంకోటి మాను బెరడూ ఆకులూ కలిసి పడేలా. పక్కన అగ్గిపెట్టె పెడితే కొలత కూడా తెలుస్తుంది. మన్ననూరు, దోమలపెంట గేట్లు రాత్రి 9 గంటలకి మూసేస్తారు. మళ్లీ తెరిచేది ఉదయం ఆరింటికే.